తెల్ల రంగా? టేకు చెక్కా?

ఇంటి లోను తీసుకున్నప్పుడు కూడా నేను ఇంత టెన్షన్ పడలేదు. ఇరవయ్యేళ్ల ఈఎంఐకి ఐదు నిమిషాల్లో ఓటీపీ కొట్టేశా. వంటగది కబోర్డులు ఎలా ఉండాలో తేల్చుకోవడానికి మాత్రం రెండున్నర నెలలు పట్టింది. అందులో ఓ ఇరవై రోజులు అమ్మా నేనూ సరిగ్గా మాట్లాడుకోలేదు కూడా.

మాది యలమంచిలి దగ్గర ఒక పల్లెటూరు. నా ఉద్యోగం హైదరాబాద్ కంపెనీలో. నెలలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని కాబట్టి పోయినేడాది విశాఖపట్నం మధురవాడలో టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నా. నాకు ఇరవై ఎనిమిది. పెళ్ళి కాలేదు. నాన్న 2021లో పోయారు. అప్పట్నుంచీ ఊళ్లో అమ్మ ఒక్కతే. తనని నా దగ్గరికి తెచ్చుకోవాలన్న ఆలోచనతోనే ఇదంతా మొదలుపెట్టా.

గోడలకి ఏ రంగు, ఫ్యాన్లు ఏ కంపెనీ, సోఫా ఎంతలో... అన్నిటికీ అమ్మది ఒకటే మాట. ‘‘నీ ఇష్టం అమ్మా.’’ వంటగది దగ్గరికొచ్చేసరికి మాత్రం ఠక్కున చెప్పింది. ‘‘బీరువాలన్నీ తెల్లగా ఉండాలి. తెల్ల రంగు వేయించు.’’

సమస్య ఏంటంటే, అప్పటికే నా ఫోన్లో నూట నలభై ఫొటోలు సేవ్ అయి ఉన్నాయి. అన్నీ రంగు వేయని చెక్క వంటగదులే. ఆ ఫొటోలకి వెనక ఇంకో కారణం కూడా ఉంది. అది మా ఊరింటి అటక మీద పదేళ్లుగా పడుకుని ఉంది.

అటక మీద తొమ్మిది చెక్కలు

నేను పుట్టిన 1997లో నాన్న పెరట్లో ఒక టేకు మొక్క నాటారు. నాతోపాటే పెరిగింది. పరీక్షలప్పుడు దాని కిందే చదువుకునేదాన్ని. టేకాకు నలిపితే చేతులు ఎర్రగా అవుతాయి కదా, అదే మాకు చిన్నప్పుడు గోరింటాకు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. నేను ఇంటర్ సెకండియర్. రోజంతా తలుపులు బిగించుకుని కూర్చున్నాం. గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే టేకు చెట్టు వేళ్లతో సహా పడిపోయి ఉంది. నేను ఏడుస్తుంటే నాన్న, ‘‘పోనీలేవే, నీ పెళ్ళికి మంచం చేయిద్దాం’’ అన్నారు. మిల్లులో కోయించి, తొమ్మిది చెక్కలు తెచ్చి, మధ్య మధ్య పుల్లలు పెట్టి గాలాడేలా అటక మీద పేర్చారు. ఏడాదికోసారి దించి, దుమ్ము దులిపి, తిరగేసి పెట్టేవారు.

నాన్న లేని ఇంట్లో నాన్న చెక్కలు వంటగదిలో ఉంటే బావుంటుంది అనుకున్నా. పైన సన్నగా పాలిష్ తప్ప ఏ రంగూ లేకుండా. పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ చేత్తో తడిమి చూసుకోవచ్చు. ఇందులో తప్పేముంది, మీరే చెప్పండి?

పెద్దమ్మకి తప్పే అనిపించింది. ‘‘పెళ్ళి మంచానికి దాచిన కర్రతో ఎవరైనా వంటగది చేయించుకుంటారా?’’ అంది. ఆమెకి సమాధానం చెప్పగలిగా. అమ్మకే చెప్పలేకపోయా. ఎందుకంటే అమ్మ వాదించలేదు. ‘‘తెల్లగా అయితే బావుంటుంది’’ అని ఊరుకుంది, అంతే.

కిటికీలో నా ల్యాబ్

ఇంజినీర్ని కదా, వాదనకి డేటా కావాలనుకున్నా. షాపుల చుట్టూ తిరిగి శాంపిల్ ముక్కలు తెచ్చా. ఐదు రకాలు. లామినేట్ అంటించిన ప్లైవుడ్, మెరిసే తెల్ల పీయూ పెయింట్ వేసినది, మెరుపు లేని మ్యాట్ తెల్లది, నూనె మాత్రమే పట్టించిన టేకు, పీయూ పాలిష్ కొట్టిన టేకు. ఒక్కోదాని మీద పసుపు కలిపిన నూనె, చింతపండు రసం, కాఫీ చుక్కలు వేసి రాత్రంతా వదిలేశా. పొద్దున్నే సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఎక్సెల్ షీట్లో మార్కులు వేశా.

మీలో ఎవరైనా వంటగది చేయించుకునే పనిలో ఉంటే ఈ పరీక్ష తప్పకుండా చేయండి. షాపులో లైట్ల కింద అన్నీ అందంగానే కనిపిస్తాయి. మన తాళింపు ముందు నిలబడాలి.

లామినేట్ దేనికీ లొంగలేదు. మెరిసే తెల్లది బాగానే తుడుచుకుంది కానీ ప్రతి వేలిముద్రా కనిపించింది. మ్యాట్ తెల్ల ముక్క మీద పసుపు మచ్చ ఉండిపోయింది. ‘చూశావా అమ్మా’ అని ఫొటో తీసి పెట్టుకున్నా. తీరా ఆ ముక్కని కిటికీలో వదిలేస్తే, నాలుగు రోజుల ఎండకి మచ్చ దాదాపు మాయమైంది. పసుపులో ఉండే కర్క్యుమిన్ వెలుతురుకి విరిగిపోతుందట. పసుపు మరక పడిన చీరని అమ్మ ఎండలో ఆరేసేది ఇందుకే అన్నమాట! నాకు తెలియని కెమిస్ట్రీ ఆమెకి ఎప్పట్నుంచో తెలుసు.

నూనె పట్టించిన టేకు, నేను మనసు పడ్డది, పరీక్షలో ఫెయిలైంది. తాళింపు నూనెని పీల్చేసుకుని నల్లటి మచ్చ కట్టింది. పాలిష్ కొట్టిన టేకు మాత్రం నిలబడింది. పైగా గోరుతో గీరినా గీత కనిపించలేదు, చెక్క చారల్లో కలిసిపోయింది. తెల్ల ముక్క అంచుని గచ్చు మీద తడితే పెచ్చు లేచింది. ఆ పెచ్చు లేచిన చోట నీళ్లు పోస్తే లోపలి ఎండీఎఫ్ ఉబ్బింది.

‘‘చూడమ్మా, చెక్కే గెలిచింది’’ అని షీట్ చూపించా. అమ్మ కళ్లజోడు సర్దుకుని, ఫోన్ దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టుకుని, ‘‘బావుంది’’ అంది. ‘‘కానీ తెల్లగా వేయించు.’’

అప్పుడు నాకు కోపం వచ్చింది. ‘‘రంగు అంటే పైపూత అమ్మా. కింద ఏముందో దాచేయడమే. చెక్క అయితే నిజమైనది’’ అన్నా. కాస్త గట్టిగానే అన్నా.

అమ్మ లేచి దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి నా ముందు పెట్టింది. ఏటికొప్పాకది. మా ఊరికి ఎంతో దూరం కాదు. అమ్మ పెళ్ళప్పుడు అమ్మమ్మ ఇచ్చింది. అంకుడు కర్రని తిప్పుతూ, దానికి రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

‘‘మరి ఇది అబద్ధమా?’’ అంది అమ్మ.

ముప్ఫయ్యేళ్లుగా రోజూ చేయి పడుతున్న భరిణె. ఎర్ర రంగు ఇంకా అలాగే ఉంది. నా దగ్గర సమాధానం లేదు. సమాధానం లేనప్పుడు చాలామంది చేసేదే నేనూ చేశా. మీటింగ్ ఉందని చెప్పి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నా.

వడ్రంగి చెప్పిన లెక్క

పంతం కొద్దీ చెక్కల్ని ఊరి నుంచి ఆటో ట్రాలీలో తెప్పించేశా. నాన్నకి తెలిసిన వడ్రంగి ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తా. ఆయన్ని రమ్మన్నా. ఆయన చెక్కల్ని ఒక్కొక్కటీ ఎత్తి చూశారు, వేలితో కొట్టి విన్నారు, రెండిటి మీద కాస్త చిత్రిక పట్టారు. తర్వాత పక్కన కూర్చుని, ‘‘పాపా, చెట్టు వయసెంత?’’ అన్నారు.

‘‘పదిహేడు.’’

‘‘అదీ సంగతి. చేవ ఇంకా పట్టలేదు.’’

టేకంటే చెదపట్టదు, పుచ్చదు అనుకుంటాం కదా. ఆ గుణమంతా లోపలి చేవది. గోధుమ రంగులో, నూనె పదార్థంతో ఉండే ఆ భాగమే పురుగుని దగ్గరికి రానివ్వదు. చుట్టూ ఉండే తెల్ల కర్రకి ఆ బలం లేదు. ముదిరిన చెట్టులో చేవ ఎక్కువ, తెల్ల కర్ర తక్కువ. లేత చెట్టులో తెల్ల కర్ర పాలే ఎక్కువ. మా తొమ్మిది చెక్కల్లో నాలుగింటి అంచులు సన్నని బెజ్జాలతో జల్లెడలా ఉన్నాయి. వేలితో నొక్కితే పిండి రాలింది.

‘‘నాన్నగారు బాగానే ఆరబెట్టారమ్మా, ఎక్కడా వంకర తిరగలేదు. కానీ తెల్లదంతా తీసేస్తే మిగిలేది ఇంతే’’ అని, బొటనవేలూ చూపుడువేలూ చాపి చూపించారు. జానెడు వెడల్పు కూడా లేదు. నా లెక్క ప్రకారం వంటగదికి తొంభై చదరపు అడుగుల తలుపులు కావాలి. నాన్న చెట్టు నుంచి వచ్చేది అందులో ఒక మూలకి కూడా చాలదు.

మిగతాదంతా కొత్త టేకుతో చేయిస్తే? ఆయన చెప్పిన రేటుకి నాకు నవ్వొచ్చింది. తెల్ల పెయింట్ వంటగదికి ఇచ్చిన కొటేషన్‌కి దాదాపు రెట్టింపు.

‘‘పోనీ టేకుతోనే చేసి, పైన తెల్ల రంగు వేస్తే ఇద్దరికీ సరిపోతుంది కదా బాబాయ్?’’ అన్నా. ఆయన నా వైపు జాలిగా చూశారు. ‘‘రంగేసేదానికి టేకెందుకమ్మా?’’

తర్వాత ఆయన విడమరిచి చెప్పింది మీకూ పనికొస్తుంది. చెక్క ఎంత ఆరినా గాలిలో తేమని బట్టి కాస్త ఉబ్బుతుంది, కాస్త ముడుచుకుంటుంది. మాది సముద్రం ఊరు, ఈ కదలిక ఇంకా ఎక్కువ. పాలిష్ చేసిన చెక్క కదిలినా తెలీదు. రంగు వేసిన చెక్క కదిలితే అతుకుల దగ్గర వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. అందుకే రంగుకి చారల్లేని, కదలని బోర్డు కావాలి. ఎండీఎఫ్, లేదంటే తేమని కాస్త ఎక్కువ తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎంఆర్. లోపలి పెట్టెలకి, ముఖ్యంగా సింకు కింద, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. కీళ్లు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించాలి, ఉప్పు గాలికి మామూలువి తుప్పు పట్టేస్తాయి. రంగు ఫ్యాక్టరీలో స్ప్రే చేయించాలి. అంచులు నాలుగు వైపులా మూసుకుపోవాలి. నీళ్లు దూరేది అక్కడ్నుంచే.

అంటే ‘చెక్క మంచిదా, రంగు మంచిదా’ అన్న నా ప్రశ్నే తప్పు. చెక్కకి చెక్క పని ఉంది, రంగుకి రంగు పని ఉంది. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతేనే ఇబ్బంది.

ఇంత అర్థమయ్యాక కూడా నేను మెత్తబడలేదు. నాన్న చెక్కలు హాల్లో గోడకి ఆనించి ఉన్నాయి. అటు చూస్తూ అమ్మ అన్నం తినేది, ఇటు చూస్తూ నేను తినేదాన్ని.

ఉప్పు డబ్బా

ఒకరోజు సాయంత్రం అమ్మ పప్పుచారు పెట్టింది. ఉప్పు కషాయం. నోట్లో పెట్టుకోగానే, ‘‘రెండుసార్లు వేశావా?’’ అన్నా. అమ్మ తినలేదు, కలుపుతూ కూర్చుంది. వారంలో అది మూడోసారి. నా మీద అలిగి వంట మీద శ్రద్ధ పెట్టట్లేదనుకున్నా. మీతో అబద్ధం ఎందుకు, అలాగే అన్నా కూడా.

మర్నాడు నీళ్లకోసం వెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోయా. అప్పటికి తాత్కాలికంగా పాత ముదురు గోధుమ రంగు ర్యాకు ఒకటి పెట్టుకున్నాం. అమ్మ దాని ముందు నిలబడి డబ్బాలు ఒక్కొక్కటీ తీసి, మూత తెరిచి, వాసన చూసి, వేలితో తీసి నాలుక మీద వేసుకుని మళ్లీ పెడుతోంది. ర్యాకు అంచు ఎక్కడుందో ముందు చేత్తో తడుముకుని, ఆ తర్వాతే డబ్బా పెడుతోంది. మధ్యాహ్నం పన్నెండింటికి. లైటు వేసే ఉంది.

‘‘అమ్మా, కనబడట్లేదా?’’

‘‘కనబడుతుందే. కాస్త మసకగా ఉంది, అంతే. తెల్ల దాని మీదైతే తెలుస్తుంది.’’

ఎన్నాళ్ల నుంచి అని అడిగితే రెండేళ్లంది. ‘‘చెప్తే నువ్వు ఉద్యోగం మానేసి ఊరొచ్చి కూర్చుంటావని’’ అంది. నా ఎక్సెల్ షీట్‌ని అంత దగ్గరా అంత దూరం పెట్టి ఎందుకు చూసిందో అప్పుడు వెలిగింది. రెండున్నర నెలలు. ఐదు శాంపిళ్లు. నూట నలభై ఫొటోలు. ‘ఎందుకమ్మా తెలుపు?’ అని మాత్రం నేను ఒక్కసారి కూడా అడగలేదు.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లా. రెండు కళ్లలోనూ శుక్లాలు. షుగర్ కూడా ఎక్కువ ఉంది, అది అదుపులోకి వచ్చాకే ఆపరేషన్ అన్నారు. శుక్లాలున్న కంటికి ఒకే ముదురులో ఉన్న రంగుల మధ్య తేడా సరిగ్గా తెలీదట. గోధుమ రంగు అర మీద గోధుమ రంగు డబ్బా కలిసిపోతుంది. అలాగని బాగా మెరిసేది కూడా పనికిరాదు, వెలుతురు పడి చెదిరి కళ్లు జిగేలుమంటాయి. అంటే తెలుపే కావాలి, కానీ మెరుపు లేని తెలుపు. నా షీట్లో పసుపు మచ్చ పడిందని తక్కువ మార్కులు వేసిన ముక్క.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగా, ‘‘కళ్ల కోసమేనా అమ్మా, తెలుపు?’’

కాసేపు ఆలోచించి అంది, ‘‘అదొకటి. ఇంకోటి... నీకు గుర్తుందో లేదో, నువ్వు ఆరో తరగతికి వచ్చేదాకా మనకి కట్టెల పొయ్యే. గోడలు నలుపు, అలమర నలుపు, గిన్నెలు నలుపు. ఏది మసో ఏది కాదో తెలిసేది కాదు. ఎంత కడిగినా కడిగినట్టు ఉండేది కాదు. తెల్లటి వంటగదిలో ఒక్కరోజైనా వండాలని ఉండేది.’’

నేను చెక్కలో నాన్నని చూసుకున్నా. ఆ చెక్క రంగు వంటగదిలో అమ్మ ఏళ్ల తరబడి ఊదిన పొగ నాకు కనబడనే లేదు.

ఏం చేయించామంటే

వంటగది మొత్తం మ్యాట్ తెలుపు. పైనా కిందా. గట్టు రాయి ముదురు బూడిద రంగు, తెల్ల తలుపులకీ దానికీ మధ్య అంచు స్పష్టంగా తెలిసేలా. పై అరల కింద ఎల్‌ఈడీ పట్టీ, బల్బు నేరుగా కంట్లో పడకుండా లోపలికి తిప్పి.

మరి నాన్న చెక్కలు? ఉపాయం బాబాయ్‌దే. తలుపుకి చాలని చేవ పిడికి చాలుతుంది కదా. తెల్లదీ పుచ్చినదీ కోసేసి, మిగిలిన చేవతో ప్రతి తలుపుకీ అడుగు పొడవు పట్టు కర్ర ఒకటి చేశారు. మొత్తం ఇరవై రెండు. లోపలి వైపు వేళ్లు పట్టేలా గాడి తీసి, అంచులు గుండ్రంగా చేసి, రంగు లేకుండా పీయూ పాలిష్ రెండు పూతలు. తెల్ల తలుపు మీద గోధుమ రంగు కర్ర మసక కంటికి కూడా ఇట్టే తెలుస్తుంది. ఇంకాస్త మిగిలితే పొయ్యి పక్కన చిన్న అర ఒకటి చేశారు. అది అమ్మ భరిణెకి. పోపు డబ్బా మాత్రం గట్టు మీదే.

చేయి తరచూ తగిలే చోట తెల్ల రంగు ముందు మాసిపోతుందని చాలామంది చెప్పారు. మాకు ఆ చోట చెక్కే ఉంది. ఇది నేను ముందే ఆలోచించి చేసింది కాదు, కలిసొచ్చింది. పెద్దమ్మ గృహప్రవేశానికి వచ్చి పిడులన్నీ పట్టుకు చూసి, ‘‘మంచం లేదన్నమాట’’ అంది. ‘‘లేదు పెద్దమ్మా’’ అన్నా. అంతటితో ఆ సంగతి ముగిసింది.

కొత్తల్లో పిడులు ఒక్కోటి ఒక్కో ఛాయలో ఉండేవి. కిటికీ వైపువి వెలుతురుకి బంగారు గోధుమ రంగులోకి తిరిగాయి, లోపలివి ఇప్పుడిప్పుడే తిరుగుతున్నాయి. టేకు అంతేనట, కొన్నాళ్లకి అన్నీ ఒక దారికి వస్తాయన్నారు బాబాయ్. సింకు దగ్గర ఒక తలుపు అంచుకి అప్పుడే చిన్న పెచ్చు లేచింది, నేనే కుక్కర్ తగిలించా. టచప్ సీసా తెచ్చి పెట్టుకున్నా. తెలుపు తీసుకుంటే ఈ పని తప్పదు, తెలిసే తీసుకున్నాం.

పోయిన నెల అమ్మకి కుడికన్ను ఆపరేషన్ అయింది. పట్టీ తీసిన మర్నాడు పొద్దున్నే వంటగదిలోంచి కేక వేసింది. ఏమైందోనని పరిగెత్తా. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

‘‘ఏటే ఇది, ఇంత తెల్లగా వేయించావా! నాకు మీగడ రంగులో కనబడేది.’’

ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, రెండు వంటగదుల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత వంగి, పొయ్యి పక్క తలుపు మీద వేలు పెట్టింది. నిన్న రాత్రి నేను ఆమ్లెట్ వేసుకున్నప్పుడు పడిన పసుపు చుక్క.

‘‘తుడవలేదా?’’ అంది.

గుడ్డ తెచ్చి తుడిచా. పూర్తిగా పోలేదు. పొద్దుటెండ పడే తలుపే, నాలుగు రోజుల్లో పోతుంది.